ఉప్పు తిన్న నీళ్ళు

మా అపార్ట్‌మెంటు కూడా చేతులెత్తేసింది. మొన్న ఆదివారం సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, నలభై ఫ్లాట్లలో ముప్ఫై ఒక్క చేతులు లేపి, సాఫ్ట్‌నర్ తీర్మానం నెగ్గించారు. నేరేడ్‌మెట్ నుంచి సైనిక్‌పురి దాకా గేటుగేటునా ఆ నీలం సిలిండరు నిలబడి ఉండగా, మనం మాత్రం ఇంకా మామూలు నీళ్ళే పోసుకుంటున్నామంటే చుట్టాల దగ్గర ఏం బాగుంటుంది? చర్చ పది నిమిషాలు సాగింది. అందులో ఆరు నిమిషాలు టీకి పోయాయి. నా చెయ్యి లేవలేదు. "ఒక సభ్యుడు అభ్యంతరం తెలిపారు" అని మినిట్స్‌లో రాసుకున్నారు. అభ్యంతరం ఏమిటో మాత్రం రాసుకోలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

మా అమ్మకు తెలిసిన నీళ్ళు రెండే రకాలు. కందిపప్పు ఉడికితే మంచినీళ్ళు, ఉడక్కపోతే ఉప్పునీళ్ళు. ఆ పరీక్షకు మీటరు అక్కర్లేదు, జీఎస్టీ లేదు. నెల కిందట వచ్చిన సేల్స్ కుర్రాడి పరీక్ష వేరు. రెండు సీసాలు తీశాడు. ఒకదాంట్లో మా బోరు నీళ్ళు, రెండోదాంట్లో వాళ్ళ మెషీన్ నీళ్ళు. తలా నాలుగు చుక్కల సబ్బునీళ్ళు వేసి గిలక్కొట్టాడు. మావి విరిగిన పాలలా తేలాయి. అతనివి చెట్టు దిగిన కల్లులా నురగలు కక్కాయి. సెల్లారంతా చప్పట్లు. నురగ చూసి ఓటేయడం మనకు కొత్తేం కాదు గనక దాన్ని తప్పు పట్టను. నెల రోజులు ఉచితంగా వాడి చూడమని మెషీన్ బిగించి పోయాడు.

అతని జేబులో, నీళ్ళలో కరిగినవన్నీ కలిపి కొలిచే టీడీఎస్ మీటరు కనబడింది. "అది కూడా రెండిట్లో ముంచు బాబూ" అన్నాను. నవ్వి, జేబులోకి ఇంకాస్త కిందికి నెట్టుకున్నాడు. ముంచితే రెండు అంకెలూ ఇంచుమించు ఒకటే వస్తాయని అతనికి తెలుసు. సిలిండరులో ఉండే రెజిన్ గుళికలు నీళ్ళలోని కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టుకుని, బదులుగా సోడియాన్ని వదులుతాయి. పాత చీరలిచ్చి స్టీలు గిన్నె పుచ్చుకున్న బేరం. గుళికలు నిండిపోయాక చిక్కటి ఉప్పునీళ్ళతో కడిగితే, పట్టుకున్న సున్నాన్ని వదిలేసి మళ్ళీ సోడియం ఎక్కించుకుంటాయి. ఉప్పునీళ్ళు బాగుపడాలంటే అందులో ఉప్పు పోయాలన్నమాట. "అంకుల్ కెమిస్ట్రీ లెక్చరరా?" అన్నాడు. కాదు నాయనా, లాలాగూడ రైల్వే వర్క్‌షాపు మనిషి కొడుకుని.

నీళ్ళను మెత్తబరచడమనే మాట నేను మొదట విన్నది మా నాన్న నోట, ఆవిరి ఇంజన్ల సంగతి చెబుతుండగా. బాయిలర్ గొట్టాలకు సున్నం పేరుకుంటే వేడి నీళ్ళకు అందదు, బొగ్గు దండగ, గొట్టం కాలిపోతుంది. అందుకని ఇంజనుకు ఎంచి మంచినీళ్ళు పట్టేవాళ్ళు. దాన్ని నడిపే మనుషులు మాత్రం బావినీళ్ళే పోసుకునేవాళ్ళు. హోటల్ బాయిలర్‌కు, లాండ్రీకి, డయాలిసిస్ సెంటరుకు మెత్తటి నీళ్ళు కావాలి, కాదనను. మన గీజరు కూడా ఒక బుల్లి బాయిలరే, అదీ ఒప్పుకుంటాను. ఏడాదికో రెండేళ్ళకో దాని ఎలిమెంటు విప్పించి నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెడితే సున్నం బుసబుసమని పొంగి ఊడిపోతుంది. ఆ ఓపిక లేక నలభై ఇళ్ళ నీళ్ళకూ ఉప్పు పట్టించడం, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం.

ఇక జుట్టు. అసలు తీర్మానం నెగ్గింది జుట్టు మీదే. "ఈ బోరు నీళ్ళకే నా జుట్టంతా పోయింది అన్నయ్యగారూ" అని మూడో అంతస్తు చెల్లెమ్మ మీటింగులో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సెక్రటరీగారు తన నున్నటి తల ఊపారు. ఆయన సంగతి నాకు తెలుసు. పుట్టింది రాజమండ్రిలో. పాతికేళ్ళు గోదావరిలోనే మునిగారు. సికింద్రాబాద్ స్టేషన్లో రైలు దిగే నాటికే ఆ తల మీద దువ్వెనకు పని లేదు. వాళ్ళ హాల్లో మేనమామగారి ఫోటో ఉంది, దండ వేసి. దండ తీసేస్తే సెక్రటరీగారే.

బోరు నీళ్ళకు జుట్టు ఊడేదయితే రాజస్థాన్ మీసాల మాటేమిటి? అనంతపురంలో బోరు నీళ్ళు తప్ప ఎరగని ఊళ్ళల్లో ఆడవాళ్ళ వాలుజడల మాటేమిటి? మనిషి తల నుంచి రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకల దాకా రాలడం మామూలే. పూర్వం స్నానాల గదుల్లో షాబాదు బండలుండేవి. రాలింది రాలినట్టు నల్లబండలో కలిసిపోయేది. ఇప్పుడు తెల్ల టైల్సు వేయించుకున్నాం, అందులోనూ అద్దంలా మెరిసేవి. వంద వెంట్రుకలూ వంద సాక్షుల్లా నిలబడుతున్నాయి. నన్నడిగితే ఊడిన జుట్టుకు కేసు పెట్టాల్సింది టైల్సు షాపు మీద.

ఒక్కటి నిజం. ఈ బోరు నీళ్ళలో సబ్బు విరిగి, ఆ ముద్ద వెంట్రుకలకు అంటుకుంటుంది. జుట్టు పీచులా అనిపిస్తుంది. పీచు కావడం వేరు, ఊడడం వేరు. మా బామ్మ పెరటి బావి నీళ్ళు చవుడు కంపు. అయినా ఆవిడ కుంకుడుకాయ నురగకు ఏ నీళ్ళూ అడ్డు రాలేదు. సబ్బులా కుంకుడు రసం కాల్షియానికి విరగదు. ఈ సంగతి తెలియక ఆవిడ ఎనభై రెండేళ్ళు తలంటుకుంది. కుంకుళ్ళు కొట్టే తీరిక లేదంటారా, షాంపూ కూడా సబ్బులా విరగదు. ఆ షాంపూ కొనేది మీరే, నీళ్ళను తిట్టేదీ మీరే.

చర్మం మాటా చెబుతాను. ఇంగ్లండ్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలతో ఒక పరీక్ష చేశారు. సగం మంది ఇళ్ళలో సాఫ్ట్‌నర్లు బిగించి పన్నెండు వారాలు చూశారు. మామూలు మందుల కంటే అదనంగా ఒరిగిందేమీ లేదని 2011లో తేల్చి చెప్పారు. అది చదివి వినిపించబోతే "అక్కడి నీళ్ళు వేరండీ" అన్నారు ట్రెజరర్‌గారు. మెషీన్ మాత్రం అక్కడిదయితే బాగుంటుందట. జుట్టు దగ్గర ఇంతసేపు ఆగాను, నిజమే. నా తల చూసినవాళ్ళకు కారణం చెప్పనక్కర్లేదు.

ఇక మిగతా చిట్కాల సంగతి. షవరుకు తగిలించే వేలెడు ఫిల్టరు నీళ్ళ కాఠిన్యం తీసేస్తుందనడం అబద్ధం. పైపుకు అయస్కాంతం కడితే సున్నం పారిపోతుందనేవాడు పైపుకు తాయెత్తు కట్టినా పారిపోతుందనే అంటాడు. ఆల్కలైన్ నీళ్ళ గురించి మాట్లాడటానికి నాకు సిగ్గేస్తోంది.

సరే, ఉప్పు లెక్క చూద్దాం. మా బోరు నీళ్ళ కాఠిన్యం లీటరుకు 600 మిల్లీగ్రాములని రిపోర్టు వచ్చింది. భారత ప్రమాణాల సంస్థ 200 లోపు ఉంటే మంచిదంటుంది, వేరే గతి లేకపోతే 600 దాకా ఓర్చుకోమంటుంది. గీత మీద ఉన్నాం. రోజుకు 20 వేల లీటర్లు వాడతాం. అంటే అందులో కరిగిన రాయి 12 కిలోలు. దాన్ని దించడానికి కాగితం మీద 14 కిలోల ఉప్పు చాలు. కాని యంత్రం కాగితం మీద నడవదు, ఇంచుమించు రెట్టింపు తింటుంది. రోజుకో పాతిక కిలోల బస్తా. ఏడాదికి తొమ్మిది టన్నులు. 1930లో గాంధీగారు పిడికెడు ఉప్పు కోసం దండి దాకా నడిచారు. మనం తొమ్మిది టన్నులు మోరీలో పోయడానికి ఫ్లాటుకు ఆరువేలు చందా వేసుకున్నాం.

మోరీ అన్నాను. మోరీ అయినా బాగుండేది. మెషీన్ బిగించిన మనిషికి డ్రైనేజీ గొట్టం దూరమైంది, ఇంకుడు గుంత దగ్గరైంది. గుళికలు కడిగిన ఉప్పునీళ్ళ పైపు తెచ్చి ఇంకుడు గుంతలో వదిలేసి పోయాడు. వాన నీళ్ళు భూమిలోకి దించడానికి తవ్విన గుంత అది. దానికి పది గజాల్లో మా బోరు. ఉప్పు పోస్తాం, ఇంకుతుంది, తోడుకుంటాం, ఉప్పెక్కాయని ఇంకా ఉప్పు పోస్తాం. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదని సామెత. ఈ నీళ్ళు తాగేవాడు ఉప్పు తినకా తప్పదు. సెక్రటరీగారికి చూపించాను. "గుంత ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కదండీ" అన్నారు. మనిషి గట్టివాడే. మెత్తబరచాల్సింది నీళ్ళనేనా అని అనుమానం వచ్చింది.

తాగేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. పైన నలభై ఫ్లాట్లలోనూ ఆర్వోలున్నాయి. మెషీన్ కలిపిన సోడియాన్ని చాలావరకు అవి ఆపేస్తాయి. కింద వాచ్‌మన్ గదిలో ఆర్వో లేదు. ఆ గదికి ఉన్నది ఒకే కొళాయి. అందులో అతనూ, భార్యా, ఇద్దరు పిల్లలూ, బీపీ మాత్రలు మింగే తల్లీ తాగుతారు. 600 కాఠిన్యాన్ని మార్పిడి చేస్తే లీటరుకు 276 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. మూడు లీటర్లు తాగే మనిషికి రోజుకు 800 పైన. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి, కూరా చారూ పచ్చడీ అన్నిటికీ కలిపి, 2,000 దాటొద్దంటుంది. ఆ ముసలమ్మ అన్నంలో ఉప్పు తగ్గించుకుని తింటోంది. మనం ఆమె చెంబులో కలుపుతున్నాం. ఆ ఒక్క కొళాయికి నల్లా నీళ్ళ పైపు విడిగా వేయమన్నాను. "బడ్జెట్‌లో లేదు" అన్నారు. ప్రెసిడెంట్‌గారి షవర్ గ్లాసు మీద మరకలు బడ్జెట్‌లో ఉన్నాయి.

నిన్న వాచ్‌మనే ఆపి అడిగాడు. "సార్, ఎంత కడిగినా సబ్బు పోతలేదు, ఒళ్ళంత జారుడుగుంటున్నది. తాగితే ఏమన్నయితదా?" అతనిది నల్గొండ జిల్లా మర్రిగూడ పక్క. ఫ్లోరైడ్ నీళ్ళు మనిషి వెన్నును విల్లులా వంచడం అతను పుస్తకంలో చదవలేదు, తండ్రిలో చూశాడు. నీళ్ళంటే భయపడే హక్కు ఈ ఆవరణలో ఎవరికైనా ఉంటే అతనికుంది. ఆ ఫ్లోరైడ్‌ను కూడా ఈ మెషీన్ ముట్టుకోదు. అతనికి మీటింగులో కుర్చీ లేదు. బస్తా మోసే పని మాత్రం ఉంది.

నల్లా నీళ్ళు లేవా అంటే ఉన్నాయి. ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్ల పైచిలుకు గొట్టాల్లో ప్రయాణం చేసి గోదావరి ఈ ఊరికి వస్తోంది. రోజు మార్చి రోజు వచ్చే ఆ నల్లా నీళ్ళను, పప్పు మెత్తగా ఉడికే నీళ్ళను, మేం బోరు నీళ్ళ సంపులోనే కలిపేసి, ఆ తర్వాత మొత్తానికీ ఉప్పు పడుతున్నాం. 2021 జనవరి నుంచి జలమండలి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమంది. మీటరు పనిచేయాలి, ఆధార్ జత చేయాలి, అంతే షరతు. మా మీటరు చెడిపోయి మూడేళ్ళు. దాన్ని బాగుచేయించే తీర్మానానికి కోరం లేదు.

అన్నిటికంటే మెత్తటి నీళ్ళు ఏవో చిన్నపిల్లవాడిని అడిగినా ఆకాశం చూపిస్తాడు. 1908 మూసీ వరద ఊరిని ముంచితే, విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు. 1920కి గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ కట్టారు. ఆపిన వాననీళ్ళనే ఈ నగరం దశాబ్దాలు తాగింది. గండిపేట నీళ్ళు తాగినవాడు ఊరు వదలడని అందుకే గొప్పగా చెప్పుకునేవాళ్ళు. మా డాబా 800 గజాలు. ఏడాదికి 80 సెంటీమీటర్ల వానంటే, కారిందీ ఆవిరైందీ పోగా నాలుగు లక్షల లీటర్లు. ఇరవై రోజుల వాడకమేగా అని పెదవి విరుస్తారు. నిజమే, ఇరవై రోజులదే. కాని బోరు పక్కన దిగితే ఎంతో కొంత పలచబరుస్తుంది, పైగా బస్తా అడగదు. అది దిగాల్సిన గుంతలో ఇప్పుడు ఏముందో చెప్పాను కదా.

కనుక సాఫ్ట్‌నర్ పెట్టించాలా వద్దా అని నన్నడిగే మిత్రులకు నా జవాబు. ముందు సంపులో నల్లానూ బోరునూ విడదీయండి. మీటరు బాగుచేయించండి. గుంత కడగండి. గీజరుకు నిమ్మ ఉప్పు, కొళాయిలకు పాత టూత్‌బ్రష్షు. ఇవన్నీ చేశాక కూడా మిగిలే బాధకు మెషీన్ కావాలంటే కొనుక్కోండి, తాగే కొళాయిని మాత్రం దానికి దూరంగా పెట్టండి.

మా వాళ్ళకు చెప్పను. వచ్చే వేసవికి బోరు మరింత ఉప్పెక్కుతుంది, ఇంతకంటే పెద్ద సిలిండరుకు మళ్ళీ ఒక ఆదివారం కుర్చీలు వేస్తారు. ఆ రోజు టీ ఖర్చు నాది. వాచ్‌మన్ గది కొళాయి నీళ్ళతోనే పెట్టిస్తాను.