లాగ్ లైక్‌లీహుడ్ విలువకు బహిరంగ లేఖ

మోడల్ ఫిట్ చేయగానే అవుట్‌పుట్‌లో ప్రత్యక్షమయ్యే నీకు,

నీమీద నాకు కోపంగా ఉంది. థీసిస్ పట్టుకొచ్చే పిల్లలు ముందు నిన్నే చూపిస్తారు. "సార్, మైనస్ 321 వచ్చింది, మరీ తక్కువా?" అంటారొకరు. "ప్లస్‌లోకి వెళ్లింది, సంభావ్యత ఒకటి దాటుతుందా?" అని ఇంకొకరి భయం. లేని తప్పు కోసం రాత్రంతా కోడ్ వెతికి ఉంటారు పాపం.

వంద మంది విద్యార్థుల ఎత్తులకు నార్మల్ మోడల్ ఫిట్ చేశామనుకుందాం. గరిష్ఠ లైక్‌లీహుడ్ పద్ధతిలో ప్రామాణిక విచలనం 6 సెంటీమీటర్లు తేలితే నువ్వు మైనస్ 321. అవే ఎత్తుల్ని మీటర్లలో రాసి మళ్లీ ఫిట్ చేస్తే ప్లస్ 139! మనుషులు మారలేదు, మోడలూ మారలేదు. ఎత్తు లాంటి కొలతలకు నిన్ను లెక్కగట్టేది సంభావ్యత సాంద్రతతో. సాంద్రత ఒకటి దాటొచ్చు, కొలమానంతో పాటే మారుతుంది కూడా. ఒక్కో విద్యార్థికి 4.6 చొప్పున పెరిగావు, అంతే.

ఇంతకంటే బాధపెట్టేది ఇంకొకటుంది. సర్వే డేటాకు ఆదాయం అనే కాలమ్ చేర్చగానే, ఖాళీలున్న వరసల్ని సాఫ్ట్‌వేర్ చాలాసార్లు తనే తీసేస్తుంది. వరసలు తగ్గాయి కాబట్టి నువ్వు మైనస్ 900 నుంచి మైనస్ 700కి ఎగబాకుతావు. ఆదాయం వల్లే మోడల్ బాగుపడిందని రిపోర్టులో రాసేస్తారు.

నిన్ను బాగా ఎరిగినవాళ్లెవరూ ఒంటరిగా నమ్మలేదు. ఒక మోడల్ ఇంకోదానిలో ఇమిడి ఉన్నప్పుడు నీ తేడాను రెట్టింపు చేసి కై-స్క్వేర్‌తో పోల్చవచ్చని 1938లో విల్క్స్ చూపారు. ఒక్క పరామితి అదనమైతే, 5 శాతం స్థాయిలో ఆ రెట్టింపు 3.84 దాటాలి. కేంబ్రిడ్జ్‌లో ఫిషర్ దగ్గర పరిశోధన చేసిన మన సి.ఆర్. రావు గారు 1948లో అసలు నీ ఎత్తును వదిలేసి, నీ వాలును చూసి పరీక్షించే దారి వేశారు. అకాయికే పరామితులు పెరిగినకొద్దీ నీకు జరిమానా వేశారు.

గైడ్‌లకూ పరీక్షకులకూ నాదొక విన్నపం. వైవాలో "లాగ్ లైక్‌లీహుడ్ ఎంతొచ్చింది?" అని అడిగి ఊరుకోకండి. ఏ మోడల్‌తో పోల్చారు, రెండింటికీ అవే వరసలు, అవే కొలమానాలు వాడారా అని కూడా అడగండి.