ఫిన్లండు యాత్రాఫలశ్రుతి

ఇరువది ఏండ్లకు పైగా విద్యావేత్తలకు భూమండలమున ఒక నూతన పుణ్యక్షేత్రము వెలసియున్నది. 2000 సంవత్సరమున తొలిసారి నడచిన పీసా అను అంతర్జాతీయ పరీక్షలో, పదునైదేండ్ల బాలబాలికల పఠనశక్తి విషయమున, అరువది లక్షల జనమైనను లేని ఫిన్లండు దేశము ప్రథమస్థానము నందినదన్న వార్త మరుసటి యేట డిసెంబరులో లోకమునకు తెలిసినది మొదలు, విద్యామంత్రులును, కార్యదర్శులును, ఆచార్యులును, బడిపంతుళ్లును, బడులను వ్యాపారముగా నడుపు ధనికులును ఉన్నికోట్లు తొడుగుకొని గుంపులు గుంపులుగా హెల్సింకి విమానాశ్రయమున దిగుచునే యున్నారు. మన దేశమును ఈ విషయమున వెనుకబడలేదు. ఢిల్లీ ప్రభుత్వము తన ఉపాధ్యాయులను పంపినది; పంజాబు ప్రభుత్వము 2024లో ప్రాథమికోపాధ్యాయులను తుర్కు విశ్వవిద్యాలయమునకు పంపినది; 2023 జనవరిలోనైతే, ఈ యాత్రకగు వ్యయమునకు తగిన ప్రయోజనమెంతో లెక్క చూపుడని లెఫ్టినెంటు గవర్నరు అడిగినందులకు, ఢిల్లీ ముఖ్యమంత్రియే శాసనసభ్యులను వెంటబెట్టుకొని వీథిలో ఊరేగింపుగా నడచెను.

ఉపాధ్యాయుడు విదేశమునకేగుట నాకు గిట్టదని ఎవరును తలంపవలదు. ఎన్నికల విధులకును, జనాభా లెక్కలకును తప్ప ఊరు కదలని పంతులు ఒక్కసారి విమానమెక్కిన నాకు కన్నులపండువు. చిక్కేమనగా, ఇట్టి బృందములలో పాఠము చెప్పువారికంటె పాఠము చెప్పువారిపై పెత్తనము చేయువారే తరచుగా అధికముగ నుందురు. అందును పదవీవిరమణమునకు ఆరుమాసములున్నవారికి విజ్ఞానతృష్ణ మిక్కుటము.

బడి దర్శనమునకు కార్యక్రమపత్రమున కేటాయింపబడు కాలము సాధారణముగా ఒక పూట. గుమ్మమున బూట్లు విడువవలెననగానే సగము బృందము సంతోషించును. మేజోళ్లకు చిల్లులున్న సగము వెనుకకు జరుగును. లోపల పిల్లలు మేజోళ్లతోనే నడవలలో తిరుగుచుందురు. ముప్పావుగంట పాఠమైన వెంటనే, బయట మంచు కురియుచున్నను, పావుగంటసేపు ఆడుకొనుటకు పరుగిడుదురు. వడ్రంగపు గదిలో బాలికలు రంపము పట్టుదురు, కుట్టుగదిలో బాలురు ఉన్ని అల్లుదురు. మధ్యాహ్నమున అందరును పైసా చెల్లింపక భోజనము చేయుదురు. ఆ ఉచితభోజనము 1943 నాటి చట్టమువలన వచ్చి 1948 నుండి దేశమంతట అమలగుచున్నది. అనగా యుద్ధమున ఓడి, సోవియట్టు దేశమునకు నష్టపరిహారము చెల్లించుచున్న దినములలో ఆ పేదదేశము నెరవేర్చిన పని యది. మనవారు ఆ పళ్లెమును నాలుగు దిక్కులనుండియు ఫొటో తీయుదురు. ఉడికిన బంగాళాదుంపలు, రొట్టె, పాలు, అహో ఎంతటి సమతులాహారమని కొనియాడుదురు. తమ మండలమున బడిపిల్లలు తిను అన్నపు పళ్లెమును ఇంత సమీపమునుండి చూచినవారు వీరిలో ఎందరుందురో పాఠకులే ఊహింపగలరు.

అన్నిటికంటె రసవత్తరమైనది ప్రశ్నోత్తరముల సభ. మీ బడికి ఇన్‌స్పెక్టరు ఏడాదికెన్ని మారులు వచ్చునని మనవారడుగుదురు. రాడు, ఆ ఏర్పాటును 1990వ దశకపు తొలినాళ్లలోనే తీసివేసితిమని ప్రధానోపాధ్యాయురాలు చెప్పును. పాఠ్యపుస్తకములను ముందుగా ఆమోదించు అధికారి ఎవరు? ఎవరును లేరు. పదవ తరగతి ర్యాంకులో? లేవు, ఉన్నత మాధ్యమిక విద్య ముగియునప్పటి పరీక్ష యొక్కటి తప్ప, దేశమునందలి పిల్లలందరును కూర్చుండి వ్రాయు పబ్లికు పరీక్షయే లేదు. అప్పటికి మనవారికి ఆమెపై అనుమానము కలుగును. ఏదో మర్మమున్నది, పరదేశీయులకు చెప్పుట కిష్టములేక దాచుచున్నదని ఒకరి చెవిలో నొకరు గుసగుసలాడుదురు. నిజమునకు ఆమె దాచునదేమియు లేదు. ఆ బడిలో చూడవలసినవన్నియు అక్కడ లేనివే. లేనిదానికి ఫొటో రాదు గనుక, సెల్‌ఫోనులతో వచ్చినవారికి రంగుకుర్చీలు మాత్రము మిగులును.

లేనివాటిలో ముఖ్యమైనది, కలవారికొక బడియు లేనివారికొక బడియు నను భేదము. పదునొకండవ యేటనే పిల్లలను రెండు దారులుగా విడదీయు పాతపద్ధతిని త్రోసిపుచ్చి, ప్రయివేటు బడులను సైతము దాదాపుగా అన్నిటిని తనలో కలుపుకొని, 1972లో ఉత్తరమున లాప్లండుతో మొదలిడి 1977 నాటికి దక్షిణమున రాజధానీప్రాంతము వరకు ఫిన్లండు ప్రభుత్వము ఒకే విధమైన బడిని నెలకొల్పినది. మంత్రి బిడ్డయు కూలివాని బిడ్డయు అచట ఒకే తరగతిలో కూర్చుండిరి. బృందమున ఒక్కరైనను ఈ విషయమును పొడిగించి అడుగరు. అడిగినచో, ఆ ప్రధానోపాధ్యాయురాలు మర్యాదకొరకైనను, మరి మీ బిడ్డలెచట చదువుచున్నారని మారుప్రశ్న వేయవచ్చును. అప్పుడు మన విజయవాడ, హైదరాబాదు కార్పొరేటు కళాశాలల హాస్టళ్ల పేర్లు ఆ గోడలకు వినవలసివచ్చును.

వారసత్వసందర్శనము మాత్రము సావకాశముగా జరుగును. 1748లో స్వీడను ప్రభువులు ద్వీపములపై కట్టనారంభించిన సువోమెన్లిన్నా కోట, కొండరాతిని తొలిచి 1969లో ముగించిన టెంపెలియౌకియో ప్రార్థనామందిరము, 2018లో తెరచిన ఓది గ్రంథాలయము, వీని అన్నిటియెదుటను బ్యానరు పట్టుకొని నిలుచుటయగును. మతపాఠము చదివి అప్పజెప్పలేనివానికి పెండ్లి లేదను కట్టడి 1686 నాటి చర్చి శాసనముతో స్థిరపడినదనియు, అలెక్సిస్ కివి 1870లో వెలువరించిన ‘ఏడుగురు అన్నదమ్ములు’ నవలలో మీసములు మొలచిన యువకులు అక్షరములకు జడిసి అడవికి పరుగెత్తిన కథకు మూలమదియేననియు గైడు చెప్పుచుండగా, మనవారు మాగ్నెట్ల బేరములో నుందురు.

యాత్రలవలన ప్రయోజనమే లేదందుమా? ఫిన్లండు బడియే ఒక యాత్రనుండి పుట్టినది. ఊనో సిగ్నేయసు అను పాదిరి 1858, 1859 సంవత్సరములలో స్వీడను, డెన్మార్కు, జర్మనీ, స్విట్జర్లండు మొదలగు దేశములు తిరిగి, అచటి బడులను, ఉపాధ్యాయశిక్షణాలయములను పరికించి, మరలివచ్చి ప్రభుత్వమునకు తన అభిప్రాయములను నివేదించెను. 1863లో యువాస్క్యులా పట్టణమున ఫిన్నిషు భాషలో బోధించు ఉపాధ్యాయశిక్షణాలయము వెలసెను. దానికి అతడే అధ్యక్షుడు. 1866లో ప్రాథమికపాఠశాలల శాసనము వచ్చెను. చేతిపనులు అందు నిర్బంధపాఠ్యవిషయమాయెను. నేడు మనవారు ముచ్చటపడి ఫొటో తీయు ఆ రంపము సిగ్నేయసు పట్టించినదే. ఏమి వెదుకవలెనో అతనికి పోవకముందే తెలియును. వచ్చిన పిదప ఆ పనిని అతని చేతికే అప్పగించిరి. మన బృందనాయకుడో, విమానము దిగిన వారమునకే పశుసంవర్ధకశాఖకు బదిలీ యగును.

అయినను నివేదిక వెలువడక మానదు. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిపొడవునను మజిలీలను, బాటలను, అంగళ్లను, నదులను ఏనాటికానాడు వ్రాసిపెట్టుటచేత ఆనాటి దేశము నేటికిని మన కన్నులకు కట్టుచున్నది. మన నివేదికలో సగము ఫొటోలు, పావు కృతజ్ఞతలు, మిగిలిన పావు నిరుటి బృందము వ్రాసినది. దాని ఫలముగా రెండు మూడు మాసములలో ఒక ఉత్తరువు బయలుదేరును: ఫిన్లండునందువలె మన ఉపాధ్యాయులకును సంపూర్ణస్వాతంత్ర్యము ప్రసాదింపబడినది, వారు దానిని అనుభవించుచున్నారో లేదో ప్రతి శనివారము సాయంకాలము ఐదుగంటలలోగా, నిర్ణీత నమూనాలో, సెల్ఫీ సహితముగా, యాప్‌లో నమోదు చేయవలెను, చేయనివారికి ఛార్జిమెమో.

ఇంతలో ఆ క్షేత్రమహిమయు సన్నగిల్లుచున్నది. 2003 పీసా పరీక్షలో గణితమున 544 మార్కులందిన ఫిన్లండు 2022లో 484కు దిగినది. కారణమేదని అక్కడివారే వాదులాడుకొనుచు, 2025 ఆగస్టునుండి తరగతిగదిలో సెల్‌ఫోను వాడుకను చట్టముచేత కట్టడిచేసిరి. 2022లో గణితమున ఐరోపాఖండమున కెల్ల మొదటిది, 510 మార్కులతో, ఎస్తోనియా. దాని రాజధాని తాల్లిన్ నగరము హెల్సింకికి సముద్రముమీద సుమారు 80 కిలోమీటర్లు, ఓడలో రెండుగంటల ప్రయాణము. మన బృందములును యాత్ర చివరి దినమున అచటికి పోవుచునే యుండును. కార్యక్రమపత్రమున ఆ దినము కెదురుగా పాతకోట, మధ్యాహ్నభోజనము, ఉన్నిటోపీల కొనుగోలు, సాయంకాలపు ఓడ అని వ్రాసియుండును. బడి లేదు.