ఫంక్షన్ హాలు చల్లబరచడానికి సొంత తెలివి చిట్కాలు

విశాఖలో ఫంక్షన్ హాలు కడుతున్నారా? ముందు ఇంజనీరును గుమ్మం ఎక్కనివ్వకండి. వస్తే హీట్ లోడ్ అంటాడు. కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది కాబట్టి వెయ్యిమంది చుట్టాలకే 28 టన్నుల ఏసీ కావాలంటాడు. పైకప్పు ఎండ, వీడియోవాళ్ల లైట్లు అదనమట. మనకెందుకండీ ఆ లెక్కలు? పక్క వీధి హాలులో ఎన్ని టన్నులు పెట్టారో వాచ్‌మన్‌ని కనుక్కుని, పరువు కోసం ఇంకో రెండు కలపండి.

ఏ రకం పెట్టాలన్నది కర్నూలు బావమరిదికి వదిలేయండి. "డక్టు కూలర్లు పెట్టు బావా, కరెంటు బిల్లు నాలుగో వంతు కూడా రాదు" అంటాడు. వాళ్ల ఊళ్లో అది నిజమే. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే, తడి ప్యాడ్‌ల గుండా వచ్చే గాలి 26, 27 డిగ్రీలకు దిగుతుంది. విశాఖలో 34 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న సాయంత్రం ఎన్ని నీళ్లు పోసినా 31 కంటే కిందికి దిగదు. పైగా ఉన్న ఉక్కకు ఇంకాస్త తేమ కలుస్తుంది. చల్లగాలి పారిపోకుండా కిటికీలన్నీ బిగించేయండి. కూలర్ గాలికి బయటికి పోయే దారి ఉండాలనే చాదస్తులు ఎక్కడైనా ఉంటారు. ఆవిరి స్నానానికి వేరే రుసుము వసూలు చేయవచ్చు.

డబ్బుంటే వాటర్ కూల్డ్ చిల్లర్ కొనండి. కరెంటు తక్కువ తింటుంది. 100 టన్నుల ప్లాంటు పూర్తి లోడులో నడిస్తే కూలింగ్ టవర్ నుంచి గంటకు 600 లీటర్ల పైనే ఆవిరైపోతుంది. ఆ సంగతి మే నెలలో ట్యాంకరువాడు చెబుతాడు. బోరు నీళ్లే పోయండి, ట్యూబుల్లో తెల్లగా పేరుకున్నది చూసుకోవడానికి మీ తర్వాతివాళ్లు ఉన్నారు.

నీళ్ల గొడవ వద్దనుకుంటే ఎయిర్ కూల్డ్. అవుట్‌డోర్ యూనిట్లను డాబా మీద ఎదురెదురుగా, జానెడు దూరంలో పెట్టండి. ఒకటి వదిలిన వేడిగాలే ఇంకొకటి పీలుస్తుంది, కొత్త గాలి దండగ కాదు. ఎండకు రేకుల షెడ్డు, చుట్టూ ఫ్లెక్సీ. సముద్రపు ఉప్పుగాలికి తట్టుకునే పూత కాయిల్‌కు వేయించమంటారు, ఆ డబ్బులు స్టేజీ పూలకు పెట్టండి.

సరిగ్గా తలంబ్రాల వేళకు మొత్తం ఆగిపోతుంది. మెకానిక్ చెమటలు తుడుచుకుంటూ దిగొచ్చి, "హై ప్రెషర్‌లో ట్రిప్ అయిందండీ, ఆ ఫ్లెక్సీ విప్పేస్తే సరిపోద్ది" అంటాడు. విప్పనివ్వకండి. దాని మీద ఎమ్మెల్యేగారి ఫొటో ఉంది.