నా మీద వేలు పెట్టి చూడండి

నేను అరచేతిలో పట్టే సోలార్ పలకను. నీలం, నలుపు కలిసిన పన్నెండు సిలికాన్ ముక్కలు వరుసగా అతికి, పైన పారదర్శకమైన పూతతో, వెనుక రెండు తీగలతో ఉంటాను. మంచి ఎండలో ఆరు వోల్టులు, ఒక వాట్. నా శక్తంతా ఇంతే. కర్నూలు జిల్లాలో 2017లో సిద్ధమైన సోలార్ పార్కు సామర్థ్యం వెయ్యి మెగావాట్లు. నాలాంటివి వంద కోట్లు కలిస్తే గానీ దానికి సరిరావు. రామగుండంలో నీటి మీద తేలే వంద మెగావాట్ల పలకలు, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద డాబాల మీదికి ఎక్కుతున్న పలకలు నా రక్తసంబంధీకులే. వాటి పని కరెంటు ఇవ్వడం. నన్ను మాత్రం ఉపాధ్యాయ శిక్షణ కిట్‌లో, మల్టీమీటర్, బొమ్మ మోటారు, నాలుగు ఎల్ఈడీలు, క్రొకడైల్ క్లిప్పుల పక్కన సర్దుతారు. పిల్లలకు స్వచ్ఛ శక్తి పాఠం చెప్పబోయే మాస్టార్లు, టీచరమ్మలు ముందుగా నన్ను చేతుల్లోకి తీసుకోవాలని. ఇక్కడే నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. నేను పనిచేసే తీరు కన్నా పనిచేయని తీరే వాళ్లు ఎక్కువ చూడాలి. మోటారు తిరగలేదు, ఎల్ఈడీ వెలగలేదు, కొలత పుస్తకంలో ఉన్నట్టు రాలేదు, ఎందుకు? శిక్షణ సమయంలో సింహభాగం ఈ వెతుకులాటకే పోవాలి.

నా పుట్టుక తెలిస్తే నేనెందుకు ఇంతగా పట్టుబడుతున్నానో అర్థమవుతుంది. వెలుతురు పడితే కొన్ని పదార్థాల్లో విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ బెకెరల్ 1839లో గమనించాడు. పనికొచ్చే సిలికాన్ ఘటం రావడానికి ఆ తర్వాత వందేళ్లకు పైగా పట్టింది. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ చేసిన ఘటం తన మీద పడిన వెలుతురులో సుమారు ఆరు శాతాన్ని కరెంటుగా మార్చింది; ఇప్పటి డాబా పలకలు ఇరవై శాతం దాటాయి. నా ఒళ్లు తెల్లరాయి నుంచి వచ్చింది. ఆ రాతిని రెండు వేల డిగ్రీల దరిదాపుల్లో కొలిమిలో కరిగించి సిలికాన్ తీస్తారు. దాన్ని శుద్ధిచేసి, మళ్లీ కరిగించి దిమ్మగా పోసి, మిల్లీమీటరులో అయిదో వంతు కూడా లేని పలుచని బిళ్లలుగా కోస్తారు. బిళ్లలో ఒక వైపు బోరాన్, ఇంకో వైపు ఫాస్ఫరస్ అతి కొద్దిగా కలుస్తాయి. ఆ రెంటి సరిహద్దు దగ్గర వెలుతురు ఎలక్ట్రాన్లను విడదీస్తే, ఆ సరిహద్దే వాటిని ఒక పక్కకు తోస్తుంది. గోరంత ముక్కయినా చేటంత ముక్కయినా పుట్టే వోల్టేజి ఒక్కటే, సుమారు అర వోల్టు. పరిమాణం పెరిగితే పెరిగేది కరెంటు. అందుకే ఒక్క ముక్కతో ఎర్ర ఎల్ఈడీ కూడా వెలగదు, దానికి దాదాపు రెండు వోల్టులు కావాలి. తెల్ల ఎల్ఈడీకి మూడు. ఈ ఒక్క సంగతిని చేత్తో తెలుసుకున్న టీచరు తరగతిలో బల్బు వెలగనప్పుడు కంగారుపడరు, ముక్కలు లెక్కపెడతారు.

నా గురించి అన్నిటికంటే బలంగా నాటుకున్న అపోహ, నేను వేడితో పనిచేస్తానన్నది. డాబా మీద సోలార్ వాటర్ హీటరూ ఉంటుంది, నా బంధువులూ ఉంటారు, ఇద్దరినీ సోలార్ అనే అంటారు కాబట్టి అలా అనుకోవడం సహజమే. ఉపన్యాసంలో ఒక వాక్యం చెబితే ఇది పోదు. నన్ను నీడలోంచి వేసవి ఎండలోకి తెచ్చిన వెంటనే, మోటారు తగిలించకుండా వోల్టేజి కొలవాలి. ఏడు వోల్టులకు దగ్గరగా చూపిస్తాను. అక్కడే వదిలేస్తే నా ఒళ్లు కాగి అరవై డిగ్రీల దాకా పోతుంది, అంకె మెల్లగా దిగుతుంది. ఒక్కో ముక్క ఒక్కో డిగ్రీకి రెండు మిల్లీవోల్టుల చొప్పున కోల్పోతుంది. పన్నెండు ముక్కలకు, ముప్పై డిగ్రీల తేడాకు అది ముప్పావు వోల్టు దరిదాపు. అప్పుడు నా వీపుకు తడిగుడ్డ అద్దితే అంకె మళ్లీ ఎక్కుతుంది. వేడి తగ్గినా వెలుతురు తగ్గలేదు, వోల్టేజి మాత్రం పెరిగింది. ఈ మూడు కొలతలూ వరుసగా తన నోటు పుస్తకంలో రాసుకున్న మనిషి, మండు వేసవిలో పలకల సామర్థ్యం ఎందుకు తగ్గుతుందో ఇంకెవరినీ అడగనక్కరలేదు. అంతకంటే ముఖ్యం, తన నమ్మకం కొలత ముందు నిలవకపోవడం ఎలా ఉంటుందో ఆయనకు తెలుస్తుంది. రేపు తరగతిలో పిల్లవాడి నమ్మకం అలాగే తడబడినప్పుడు, జవాబు తొందరపడి చెప్పేయకుండా ఆగడానికి ఆ తెలివిడి కావాలి.

మోటారు తిరుగుతుండగా నా పన్నెండు ముక్కల్లో ఒక్కదాన్ని వేలితో పూర్తిగా మూసేయండి. కప్పింది పన్నెండో వంతే, మోటారు ఆగిపోతుంది. బావి నుంచి గడప దాకా వరుసగా నిలబడి బిందెలు అందించుకునేవాళ్లలో ఒకరు చేతులు ముడుచుకుంటే చివరి వాళ్లకు నీళ్లు రానట్టే, వరుసగా కలిపిన ముక్కల్లో ఒకటి ఆగితే కరెంటు అందరికీ ఆగుతుంది. డాబా మీద పలకల పక్కన వేపకొమ్మ నీడ ఎందుకు పడకూడదో దీంతో తేలిపోతుంది. వంపు సంగతి ఇంకా ఆసక్తికరం. నన్ను సూటిగా సూర్యుడి వైపు పెట్టి కరెంటు కొలిచి, అరవై డిగ్రీలు పక్కకు తిప్పి మళ్లీ కొలవాలి. కొసైన్ అరవై అంటే సగం, కాబట్టి సగం రావాలని పదో తరగతి లెక్క చెబుతుంది. మీటరు సగం కన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది. చేతి పొరపాటనుకుని ఆ అంకెను సగానికి దిద్దేయడం చాలా సులువు. నిజానికి ఆ ఎక్కువ భాగం ఆకాశం నుంచీ, పక్కనున్న సున్నపు గోడ నుంచీ వచ్చిన వెలుతురు. ఇది ముందే చూసి ఉన్న టీచరు పిల్లల అంకెను దిద్దరు. గోడకు నల్లగుడ్డ కట్టి మళ్లీ కొలవమంటారు.

ఇలాంటి శిక్షణకు ఫలితం ఉంటుందనడానికి ఆధారాలు లేకపోలేదు. 1997లో అమెరికాలో తీసిన ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ అనే విద్యా చిత్రంలో, ఎంఐటీలో పట్టా పుచ్చుకుంటున్నవారికి ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఒక తీగ ఇచ్చి వెలిగించమన్నారు. వెలిగించలేక తికమకపడినవాళ్లు అందులో కనిపిస్తారు. పెద్ద చదువు చేతికి దిగకుండానే పూర్తికావచ్చని దానికన్నా స్పష్టంగా చూపించడం కష్టం. 2014లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 225 అధ్యయనాలను కలిపి చూసి, కేవలం ఉపన్యాసం విన్న విద్యార్థులు కోర్సు తప్పే అవకాశం, చురుగ్గా పాల్గొంటూ నేర్చుకున్నవారి కంటే ఒకటిన్నర రెట్లని తేల్చింది. అవి కాలేజీ తరగతులు కదా, బడికి ఎలా వర్తిస్తాయని అడగవచ్చు. శిక్షణకు వచ్చే ఉపాధ్యాయులూ పెద్దవాళ్లే, వాళ్ల విషయంలో ఆ ఆధారం దగ్గరిదే. మన దేశంలోనే ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు కలిసి 16 మాధ్యమిక బడుల్లో ప్రయోగాలతో సైన్సు బోధన మొదలుపెట్టాయి. 1978 నాటికి అది జిల్లా అంతటికీ పాకింది, 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు నడిపింది. వేసవి శిక్షణలో ఉపాధ్యాయులు పిల్లలు చేయబోయే ప్రయోగాలనే తాము చేశారు. ఏడాది పొడవునా నెలనెలా కలిసి తరగతిలో ఏం జరిగిందో మాట్లాడుకున్నారు. పరీక్ష కూడా పుస్తకం తెరిచి రాసేదిగా మారింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపింది. ఆగిపోయిందంటే విఫలమైనట్టే కదా అనేవారున్నారు. మామూలు ప్రభుత్వ బడుల్లో, మామూలు ఉపాధ్యాయులతో మూడు దశాబ్దాలు నడిచిన పనిని చేయలేనిదని ఎలా అంటాం? దాని ముగింపు, ఇలాంటి పనులు పాలనా నిర్ణయాల మీద ఎంత ఆధారపడాలో చెబుతుంది గానీ, టీచర్ల శక్తిని తక్కువ చేయదు.

సిలబస్‌కే సమయం చాలదన్న అభ్యంతరం న్యాయమైనది, దాన్ని తేలిగ్గా తోసేయలేను. పైగా ఎన్‌సీఈఆర్‌టీ 2023 పదో తరగతి సైన్సు పుస్తకంలో ‘శక్తి వనరులు’ పాఠమే లేదు. సిలబస్ కుదింపులో అది పోయింది. కానీ నా కొలతలకు వేరే పాఠం అక్కర్లేదు. వోల్టేజి, కరెంటు, వరుస సంధానం అదే తరగతి విద్యుత్తు పాఠంలో ఉన్నాయి. కొసైన్ గణితం మాస్టారిది. ఎక్కడ ఎండ ఎక్కువ, ఎవరి పొలంలో పలకలు వెలిశాయి అన్నది సాంఘిక శాస్త్రం. ఎలాగూ చెప్పాల్సిన వాటినే నాతో చెప్పవచ్చు. శిక్షణ గంటల సంగతికొస్తే, 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి యాభై గంటలు ఉండాలంటోంది. అందులో ఆరు గంటలు నాకు చాలు, అవి పగటిపూటవైతే. ట్యూబ్‌లైట్ల హాల్లో నేను మోటారు తిప్పలేను. కంటికి బాగానే ఉన్న తరగతి గది వెలుతురు కొన్ని వందల లక్స్, మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష. కన్ను సర్దుకుంటుంది కాబట్టి ఈ తేడా మనిషికి తెలియదు. ఉదయం పవర్‌పాయింట్, సాయంత్రం అయిదింటికి ప్రయోగం అని కాలపట్టిక వేస్తే ఆ ప్రయోగం జరగదు.

ఇదంతా వీడియోలో చూపిస్తే సరిపోదా అన్నది మరో ప్రశ్న. పలక పేరు వినడానికీ, పార్కు ఎంత పెద్దదో చూడటానికీ వీడియో మంచిదే. అయితే వీడియోలో ప్రయోగం ఎప్పుడూ ఫలిస్తుంది. నా తీగ వెనుక టంకం దగ్గర ఊడటం, మల్టీమీటర్‌ను తప్పు రేంజిలో పెట్టి ఫ్యూజు పోగొట్టడం, ఎల్ఈడీ కాళ్లు తారుమారు కావడం అందులో ఉండవు. తరగతిలో జరిగేవి సరిగ్గా ఇవే. వీటికి సిద్ధంగా లేని టీచరు నన్ను ఒకసారి బయటికి తీసి, రెండోసారి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. దానికి ఆయన్ను తప్పుపట్టను. స్టాక్ రిజిస్టరులో నా పేరు రాసి ఉంటుంది, విరిగితే సంజాయిషీ ఎవరిస్తారన్న భయం నిజమైనది. కాబట్టి శిక్షణలో సోల్డరింగ్ ఐరన్ ప్రతి బల్ల మీదా ఉండాలి, ఊడిన తీగను తిరిగి అతికించడం ప్రతి ఒక్కరూ చేయాలి. అధికారులు కూడా వాడకంలో పోయిన వస్తువును వాడకంలో పోయిందని రాసుకునే వీలు ఇవ్వాలి. పగలని పలకల కన్నా పిల్లల వేలిముద్రలు పడిన పలకలే ఆ ఖర్చుకు లెక్క చెబుతాయి.

చివరిగా, స్వచ్ఛ శక్తి పాఠం ప్రచారమైపోతుందేమో అన్న అనుమానాన్ని నేను గౌరవిస్తాను. నన్ను తయారుచేసిన కొలిమికి బొగ్గు కావాలి, దాన్ని నడిపే కరెంటూ చాలాచోట్ల బొగ్గుదే. నా అతుకుల్లో సీసం ఉండవచ్చు. వయసైపోయాక నేను చెత్తనే. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ పలకలను చేర్చింది అందుకే. రాత్రి నేను సున్నా. ఇవి దాచిపెట్టే పాఠాన్ని నేను ఒప్పుకోను, దాచాల్సిన అవసరమూ లేదు. డాబా పలక తన తయారీకి పట్టిన శక్తిని మన ఎండల్లో ఒకటి రెండేళ్లలో తిరిగి ఇచ్చేసి, పాతికేళ్ల దాకా పనిచేస్తుంది. రెండు వైపులా లెక్క వేసి చూసే అలవాటు కొలత వల్లే వస్తుంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గంటగంటకూ నా కరెంటు కొలిచి గ్రాఫు గీసిన పిల్ల, ముసురు పట్టిన శ్రావణంలో అదే పని మళ్లీ చేస్తే, బ్యాటరీ ఎందుకు కావాలో, థర్మల్ కేంద్రాలను ఒక్కరోజులో ఎందుకు మూసేయలేరో తానే అడుగుతుంది. ఆ ప్రశ్నను తట్టుకునే టీచరు కావాలి. అందుకే శిక్షణ ఆరు గంటలతో ముగియకూడదు. నెల తర్వాత స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి అందరూ తమ పిల్లల కొలతల కాగితాలు తేవాలి, కుదరని కొలతలు ముందుగా బల్ల మీదికి రావాలి. రెండు బడుల కాగితాలను పక్కపక్కన పెడితే, ఒకే రకం పలకకు రెండు చోట్లా వోల్టేజి వేరుగా ఉండవచ్చు. ఆ తేడా చల్లదనం వల్లా, మబ్బు వల్లా, పలక మీది దుమ్ము వల్లా అన్నది అక్కడికక్కడే ఎండలోకి వెళ్లి మళ్లీ కొలిచి తేల్చుకోవాలి.