మనిషి దుబాయ్‌లో, డేటా దేశంలో

సంతోష్‌నగర్ అబ్బాయి దుబాయ్‌లో దిగాడు. వీసా, శంషాబాద్‌లో క్యూ, అన్నీ మనిషికే. ఫోన్‌లోని డేటా మాత్రం దేశం దాటదు! రోమింగ్‌లో ఏం తెరిచినా, ముందు మన దేశంలోని సిమ్ కంపెనీ సర్వర్‌కు వచ్చి, ఆ తర్వాతే లోకంలోకి వెళ్లడం మామూలు పద్ధతి. అందుకే 2020 జూన్‌లో ఇక్కడ నిషేధించిన టిక్‌టాక్, అక్కడా మన సిమ్‌కు మొండిచెయ్యే చూపిస్తుంది. పోనీ అక్కడి సిమ్ కొందామా? టిక్‌టాక్ ఆడుతుంది, కానీ అక్కడి ఆంక్షలతో వాట్సాప్ కాల్ మూగబోతుంది. ఇక అమ్మీతో మాట్లాడాలా, చిందులే చూడాలా?

ఐరోపా సమాఖ్య దేశాలు తమలో తాము రోమింగ్ బాదుడును 2017లోనే ఎత్తేసుకున్నాయి. మన దగ్గర ప్యాక్ లేకుండా ఉచితంగా రోమింగ్ చేసేది ఒక్కటే, సర్కారు నిషేధం.