బండెక్కిన పడవ

అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్‌లోని డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారిలో, ఇల్లు కొని, పచ్చిక పెంచి, కరివేపాకు మొక్కను చలి నుంచి కాపాడుకోవడంలో ఆరితేరిన తరువాత కూడా ఇంకా ఓపిక మిగిలిన నడివయసు పురుషుడు, ఎవరో వదిలించుకోజూస్తున్న పాత మోటారు పడవను, దానికంటే పాతదైన ట్రైలర్‌తో సహా చవకగా కొనుక్కోవడం కద్దు. వరస ఏదైనా ఆయన బంధువులందరికీ ‘బోటు బావగారు’గానే చలామణి అవుతారు. పడవ కొన్నవారు అందులో విహరిస్తారని అనుకునేవారికి ఈ బాపతు మనిషితో పరిచయం లేదన్నమాటే. ఆయన ధ్యాస పడవ మీద కాదు, పడవ కింద ఉంటుంది.

ఈ ధ్యాసకు శాస్త్రాధారం లేకపోలేదు. నీటిలో ఉన్నంతసేపూ పడవను నీరు అడుగంతటా పరుచుకుని మోస్తుంది. అదే పడవ ట్రైలర్ ఎక్కితే బరువంతా ఏ నాలుగైదు చోట్లో ఆనుతుంది. ఆ ఆనిక రబ్బరు రోలర్ల రూపంలోనో, బంకులనే, తివాచీ చుట్టిన పొడవాటి చెక్కల రూపంలోనో ఉంటుంది (వీటికీ కిళ్లీ బంకుకూ సంబంధం లేదని బావగారు ప్రతి కొత్త అతిథికీ నవ్వుతూ చెబుతారు, అతిథి నవ్వకపోతే మళ్లీ చెబుతారు). ఇంజను వేలాడే వెనుక గోడను ట్రాన్సమ్ అంటారు. బరువు మెండుగా ఉండేది అక్కడే కనుక బంకులు దాని దాకా సాగాలి. సాగకపోతే ఏళ్లు గడిచేకొద్దీ ఫైబర్‌గ్లాస్ అడుగు బంకు చివర లోపలికి నొక్కుకుపోయి, వెనుక అంచు కిందికి వంగుతుంది, అలా వంగిన పడవ వేగం అందుకోగానే ముక్కు దించి నీటిని దున్నడం మొదలుపెడుతుంది.

చెక్కకూ పడవకూ మధ్య ఆనిక ఎక్కడ లేదో కనిపెట్టడానికి బావగారు వాడే పరికరం ఎప్పటిదో ఒక పెళ్లి శుభలేఖ. ఆ దళసరి అట్టను సందులోకి జొనిపి, ముందు నుంచి వెనక్కి లాగుతూ, బిగిసిన చోట ‘పట్టింది’ అనీ, జారిన చోట ‘పట్టలేదు’ అనీ ఆయన నేలమీద వెల్లకిలా పడుకుని ప్రకటిస్తూ ఉంటే, పక్కన నిలబడ్డ బావమరిది సుద్దముక్కతో గుర్తులు పెట్టాలి. పట్టని చోట జాకీ ఎత్తి, బోల్టు వదులు చేసి, బంకును ఒక నూలు, అంటే వడ్రంగుల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు, పైకి జరిపి బిగించగానే అవతలి బంకు పట్టు సడలుతుంది. ఆదివారం భోజనానికి పిలిచిన అతిథుల పప్పుచారు చల్లారేది ఈ ఘట్టంలోనే.

బంకులకు వాడే, టూ బై ఫోర్ పేరుతో అమ్మే చెక్క నిజానికి ఒకటిన్నర అంగుళాల మందం, మూడున్నర అంగుళాల వెడల్పు మాత్రమే ఉండటాన్ని ఆయన తనకు జరిగిన ద్రోహంగా భావిస్తారు. చెక్క పుచ్చకుండా ఎక్కించే రాగి మందు అల్యూమినియం పడవ అడుగును తినేస్తుందని, పడవ ఊసే లేనివారిని సైతం హెచ్చరిస్తారు. బోల్టు తల తివాచీ కింద చెక్కలోకి దిగిపోవాలనీ, తివాచీని పట్టి ఉంచే పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలనీ చెబుతారు. ఇవన్నీ నిజాలే కావడం వినేవారి దురదృష్టం. అబద్ధాలైతే లేచి వెళ్లిపోవచ్చు. ఇంట్లో మాత్రం భోజనాల బల్ల ఒక కాలు పొట్టిదై ఊగుతూనే ఉంటుంది. “ఏవండీ, ఆ చెక్కలో బెత్తెడు ముక్క దీని కింద పెట్టకూడదూ?” అన్న ఇల్లాలి విన్నపం మూడేళ్లుగా పరిశీలనలో ఉంది. వాకిట్లో పడవ నిలపరాదని కాలనీ సంఘం పంపిన ఉత్తరాలు, శుభలేఖ దూరని సన్నని సందులను పరీక్షించడానికి పనికివచ్చాయి. ఓడలు బళ్లు, బళ్లు ఓడలు అవుతాయన్న పెద్దలు, బండెక్కిన ఓడ ఇక దిగనే దిగని అవస్థ ఒకటుంటుందని ఊహించినట్టు లేదు.

ఇంత రాస్తున్న వ్యాసకర్త కూడా ఒకానొక శనివారం ఆ సుద్దముక్క పట్టినవాడే. ఎడమ బంకు ఇంకో అర నూలు లేవాలని అడగకుండానే సలహా ఇచ్చి, చీకటి పడ్డాక సెల్‌ఫోను లైటు పట్టి, ఇంటికి చేరాక తన పుస్తకాల బీరువా కింద శుభలేఖ దూర్చి చూసుకున్నవాడే.

నాలుగో వేసవిలో పడవ లూయిస్‌విల్ జలాశయంలోకి దిగింది. పులిహోర డబ్బాతో సహా పిల్లలూ అత్తగారూ ఎక్కారు, చుక్కాని బావమరిది పట్టాడు. బావగారు మాత్రం ఒడ్డున ఖాళీ ట్రైలర్ పక్కన మోకాళ్లమీద కూర్చుని, తివాచీ నూగు ఎక్కడ అణగిందో, ఎక్కడ లేచి ఉందో తడిమి చూశారు. కుడి బంకు చివర జానెడు మేర నూగు అణగనే లేదు. వెలిగిపోతున్న ముఖంతో జేబులోంచి శుభలేఖ తీశాక గానీ, దాన్ని దూర్చడానికి పైన పడవ లేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. వెంటనే వెనక్కి రమ్మని రెండు చేతులూ ఊపసాగారు. పడవలోనివారు అది వీడ్కోలనుకుని, అంతకంటే ఉత్సాహంగా తామూ చేతులు ఊపారు.