సున్నా డాలర్ల జరిమానా

అమెరికాలో ప్రతివాడూ ఆరోగ్య బీమా కొని తీరాలన్న ఆలోచన ఒబామా బుర్రలో పుట్టిందని ఇప్పటికీ చాలామంది నమ్మకం. దాని పుట్టిల్లు వేరు. 1989లో హెరిటేజ్ ఫౌండేషన్ అనే పక్కా మితవాద మేధోసంస్థ తరఫున స్టువర్ట్ బట్లర్ దాన్ని ప్రతిపాదించారు. బీమా లేనివాడు ప్రాణాపాయంలో ఎమర్జెన్సీకి వస్తే ఆసుపత్రి గెంటేయకూడదని 1986లో రేగన్ హయాంలోనే చట్టం వచ్చింది. ఆ ఖర్చు చివరికి బీమా కట్టేవాళ్ల నెత్తినే పడుతుంది కాబట్టి ఎవరి బరువు వాళ్లే మోయాలన్నారు. 1993లో రిపబ్లికన్ సెనేటర్ జాన్ ఛేఫీ ఇదే షరతుతో బిల్లు పెడితే, ఆరిన్ హాచ్, చక్ గ్రాస్లీ లాంటి పార్టీ పెద్దలు వెనక నిలబడ్డారు. 2006లో మసాచుసెట్స్ గవర్నర్‌గా మిట్ రామ్నీ ఏకంగా చట్టమే చేసేశారు.

అప్పట్లో దీన్ని వెక్కిరించింది ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ ఒబామా. 2008లో పార్టీ అభ్యర్థిత్వం కోసం హిల్లరీ క్లింటన్‌తో తలపడుతూ, హుకుం జారీ చేస్తే పనైపోతుందంటే ఇల్లు లేనివాళ్లను కూడా ఇల్లు కొనుక్కోమంటే సరిపోతుంది కదా అని ఎద్దేవా చేశారు.

రెండేళ్లు తిరిగేసరికి, 2010 మార్చి 23న, అదే హుకుం మీద అధ్యక్షుడిగా సంతకం పెట్టారు.

ఇంకేముంది! అత్త కొట్టిందేమో అడుగోటి కుండ, కోడలు కొట్టిందేమో కొత్త కుండ అయింది. అదే రోజు ఫ్లోరిడా మరో డజను రాష్ట్రాలను వెంటేసుకుని కోర్టుకెక్కింది. ఛేఫీ బిల్లును బలపరచిన హాచ్‌కు ఇప్పుడది రాజ్యాంగ విరుద్ధంగా కనబడింది. ఇక రామ్నీ, 2012లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ, తన చట్టానికి కవలపిల్ల లాంటి ఈ చట్టాన్ని రద్దు చేయిస్తానని ఊరూరా మాటిచ్చారు.

ఆ ఏడాది మార్చిలో సుప్రీంకోర్టులో జరిగిన విచారణ చూసి తీరాల్సిన ముచ్చట. బీమా కొనమని బలవంతపెట్టగలిగితే రేపు బ్రకోలీ కూడా కొనమంటారా అని జస్టిస్ స్కాలియా నిలదీశారు. దాంతో ఆ కూరగాయ రాజ్యాంగ చరిత్రలోకి ఎక్కి కూర్చుంది. (మన గోంగూరకు ఆ యోగం ఇంకా పట్టలేదు.) ప్రభుత్వ న్యాయవాది డొనాల్డ్ వెర్రిలీ తిప్పలు మరో రకం. బీమా కొననివాళ్లకు చట్టం వేసే జరిమానా పన్ను అయితే అది కట్టేదాకా కేసు వినడానికే వీల్లేదు. కాబట్టి సోమవారం అది పన్ను కాదనాలి. మంగళవారం మాత్రం పన్ను వేసే అధికారం కిందే దాన్ని గట్టెక్కించాలి. ఈ తిరకాసును జస్టిస్ అలిటో సోమవారమే పట్టేసుకున్నారు. ఒబామా అయితే 2009లోనే టీవీ ఇంటర్వ్యూలో అది పన్ను కానే కాదని కొట్టిపారేశారు. చివరికి జూన్ 28న ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ పన్నే అని తేల్చి, 5-4 తేడాతో చట్టాన్ని బతికించారు. తీర్పు మొదటి పేజీలు మాత్రమే తిరగేసిన సీఎన్ఎన్, ఫాక్స్ న్యూస్ కాసేపు చట్టం కొట్టుకుపోయిందని ఊదరగొట్టాయి.

ఇంతకీ ఈ పెనుభూతం కోరలెంత? 2016 నాటికి పెద్దవాళ్లకు తలకు 695 డాలర్లు, లేదా ఆదాయంలో రెండున్నర శాతం, ఏది ఎక్కువైతే అది. కట్టకపోతే జైల్లేదు, జప్తు లేదు. పన్ను శాఖ చేయగలిగిందల్లా రీఫండులో కోసుకోవడం.

2017లో ట్రంప్ పార్టీకి చట్టాన్ని రద్దు చేయడం చేతకాలేదు. సొంత పార్టీ సెనేటర్ జాన్ మెకెయిన్ అర్ధరాత్రి దాటాక బొటనవేలు కిందికి తిప్పేశారు. అందుకని డిసెంబరులో పన్నుల బిల్లు చాటున జరిమానాను సున్నా చేశారు. బీమా కొనాలన్న ఆదేశం అలాగే ఉంది, కొనకపోతే 2019 నుంచి సున్నా డాలర్లు కట్టాలి. సున్నా పన్ను ఎలా అవుతుందంటూ టెక్సస్ మళ్లీ కోర్టుకెళ్లింది. సున్నా వల్ల మీకొచ్చిన నష్టమేమిటని 2021లో సుప్రీంకోర్టు 7-2తో తిప్పి పంపింది. జరిమానా పోతే బీమా మార్కెట్ కూలిపోతుందన్న డెమొక్రాట్ల శాపనార్థాలూ ఫలించలేదు. జనాన్ని బీమా దగ్గరికి లాగింది బెత్తం కన్నా సబ్సిడీ బెల్లమే.

బీమా కొనకుండా ఉండే స్వేచ్ఛ మీద ఇంత మమకారమున్న ట్రంప్ సర్కారే 2019 అక్టోబరులో మరో ప్రకటన చేసింది. వలస వీసా మీద వచ్చేవాళ్లు 30 రోజుల్లో బీమా తీసుకుంటామనో, వైద్యం ఖర్చు సొంతంగా పెట్టుకోగలమనో నిరూపించాలట. అక్కయ్య స్పాన్సర్ చేస్తే పదేళ్లకు పైగా వరుసలో నిలబడ్డ తెలుగు తమ్ముడికీ ఇదే నియమం. ఒబామా చట్టం కింద సబ్సిడీతో కొన్న బీమా చెల్లదు, ఏడాది పాటు ఉండే విజిటర్ ఇన్సూరెన్స్ అయితే చెల్లుతుంది. అమలుకు ఒక్కరోజు ముందు పోర్ట్‌లాండ్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి దానికి బ్రేకు వేశారు. 2021లో బైడెన్ వచ్చి ఎత్తేశారు.